కాగితాలన్నీ చేతికొచ్చాకే బండి కదులుతుంది

భారీ సరుకు తోలే మా ట్రాన్స్‌పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్లు, టర్బైన్ భాగాలు, పెద్ద పెద్ద వెసల్స్ (ఫ్యాక్టరీల్లో వాడే భారీ ట్యాంకులు) బుక్ చేసే ప్రాజెక్టు వాళ్లకీ లాజిస్టిక్స్ వాళ్లకీ నమస్కారం. ఈ మధ్య మా లోడ్లు కొన్ని అనుకున్న తేదీ దాటి సైటుకి చేరాయి. ఫోన్ చేసినవాళ్లంతా దాదాపు ఒకే మాట అడుగుతున్నారు: "బండి ఉంది, డ్రైవర్ ఉన్నాడు, సరుకు ఎక్కింది. ఇంకా ఎందుకు కదలదు?" దీనికి ఒక్కొక్కరికి రెండు ముక్కల్లో జవాబిస్తే సరిపోదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఇకపై మేం పాటించబోయే పద్ధతి కూడా ముందే చెప్తాను. పర్మిషన్లన్నీ వచ్చేదాకా లోడింగ్‌కి బండి పంపం.

మామూలు లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. 2018లో కేంద్రం ఒక్కో యాక్సిల్ (ఇరుసు) మీద మోయదగ్గ బరువు పెంచిన తర్వాత కూడా ట్రైలర్ బండి సరుకుతో కలిపి 55 టన్నులకు మించకూడదు. 400 కేవీ సబ్‌స్టేషన్‌కి వెళ్లే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ని తీసుకోండి. నూనె తీసేసి నైట్రోజన్ నింపి పంపినా అదొక్కటే వంద టన్నులు దాటుతుంది. దాని కింద హైడ్రాలిక్ యాక్సిళ్ల (ఎత్తు పెంచీ దించీ చేయగల చక్రాల వరసల) బరువు, ముందు పుల్లర్ (ట్రైలర్‌ని లాగే ఇంజను బండి) బరువు ఉండనే ఉన్నాయి. అంటే మేం తోలే ప్రతి లోడూ చట్టం గీసిన గీతకి అవతలే ఉంటుంది. ఆ గీత దాటాలంటే, దారిలో ఏ ముక్క ఎవరి కింద ఉందో వాళ్లందరి అనుమతీ విడివిడిగా తెచ్చుకోవాలి.

వడోదర నుంచి కర్నూలు వైపు ఒక ట్రాన్స్‌ఫార్మర్ రావాలనుకోండి. గుజరాత్, మహారాష్ట్ర దాటి సోలాపూర్ మీదుగా హైదరాబాద్ హైవే పట్టుకుంటాం. జహీరాబాద్ రాకముందు హుమ్నాబాద్ చుట్టుపక్కల కొంత దూరం కర్ణాటకలో నడవాలి. ఆ కొద్ది ముక్కకీ వేరే రాష్ట్రం, వేరే ఆఫీసు. ఆ తర్వాత తెలంగాణ, ఆపైన ఆంధ్రప్రదేశ్. నేషనల్ హైవే వంతెనలకి కేంద్ర రోడ్డు రవాణా శాఖ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. సైటు దగ్గర స్టేట్ హైవే ఎక్కామంటే ఆర్ అండ్ బీ. ఊళ్లు, నగరాలు దాటడానికి పోలీసులు, కరెంటు తీగలకి డిస్కం, పెద్ద లైన్లకి ట్రాన్స్‌కో, రైల్వే గేటుంటే రైల్వే, వీటన్నిటితో పాటు రవాణా శాఖ. 2014కి ముందు విశాఖ పోర్టు నుంచి పటాన్‌చెరు దాకా ఒక్క రాష్ట్రపు ఆఫీసులతో పని అయిపోయేది. ఇప్పుడు అదే దారికి రెండు రాష్ట్రాల అనుమతులు కావాలి.

ఇన్ని ఆఫీసులుండటం ఒక్కటే అయితే ఓపిగ్గా తిరగొచ్చు. ఏ రెండు ఆఫీసుల గడువులూ కలవకపోవడమే అసలు చిక్కు. ప్రతి పర్మిషన్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఉంటుంది. చివరి ఆఫీసు సంతకం పెట్టేసరికి మొదటి ఆఫీసు ఇచ్చిన తేదీ అయిపోతుంది. మళ్లీ అర్జీ, మళ్లీ ఫీజు. పర్మిషన్‌లో పుల్లర్ నంబరు, ట్రైలర్ నంబరు రాసి ఉంటాయి. దారిలో పుల్లర్ పాడై ఇంకోటి తగిలించామంటే ఆ కాగితం చెల్లదు. ఒక చోట పగలే నడవాలంటారు, పక్క జిల్లాలో ఊరు దాటాలంటే రాత్రి పదకొండు దాటాకే రమ్మంటారు. ఆ రెంటి మధ్యా బండి రోడ్డు పక్కన నిలబడే గంటలన్నీ మీకు ఆలస్యంగా కనపడతాయి, మాకు హాల్టింగ్ ఖర్చుగా కనపడతాయి.

ఇంత చెప్పినా, వంతెనల మీద బరువు గురించి ఉన్న నియమాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2022 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లో ఇటార్సీ దగ్గర సుఖ్తవా నది మీద బ్రిటిష్ కాలం నాటి వంతెన కూలింది. 138 చక్రాల ట్రైలర్ ఒకటి భారీ యంత్రంతో దాటుతుండగా కింద పడింది. ఆ బండి మన హైదరాబాద్ నుంచి వెళ్లిందే. ఆ వీడియో వచ్చిన రోజు మా యార్డులో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ పుల్లర్ సీట్లో కూర్చున్నది మాలాంటి వాళ్ల దగ్గర పనిచేసే మనిషే కదా. 2025 జూలైలో గుజరాత్‌లో మహి నది మీద గంభీరా వంతెన విరిగింది. అక్కడ మా రకం బండ్లేవీ లేవు, మామూలు వాహనాలే పడిపోయి జనం చనిపోయారు. ఆ తర్వాత గుజరాత్‌లో వంతెనలు తనిఖీ చేసి చాలా వాటి మీద భారీ వాహనాలు ఆపేశారు. వడోదర వైపు నుంచి సరుకు తెప్పించుకునే కస్టమర్లకి రూటు మారిందని, రేటు మారిందని మేం చెప్పడానికి కారణం అదే.

వంతెన మీద ఏం చేస్తామో మీలో చాలామంది చూసి ఉండరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణాల్లో కొత్త వంతెనల డిజైన్ కోసం 385 టన్నుల ప్రత్యేక వాహనం లెక్క ఒకటుంది. 20 యాక్సిళ్ల ట్రైలర్, ముందు పుల్లర్. ఆ లెక్కకి షరతులున్నాయి: బండి వంతెన నడిమధ్యలో పోవాలి, వేగం గంటకి 5 కిలోమీటర్లు దాటకూడదు, ఆ సమయంలో వంతెన మీద ఇంకో వాహనం ఉండకూడదు. మేం చేసేదీ అదే. రెండు చివర్లా పైలట్ బండ్లు అడ్డం పెట్టి ట్రాఫిక్ ఆపుతాం. సూపర్‌వైజర్ కిందికి దిగి బండికి ముందు వెనక్కి నడుస్తూ మధ్య గీతనీ చక్రాలనీ చూస్తూ వాకీటాకీలో చెప్తుంటాడు. డ్రైవర్ ఒకే గేరులో, బ్రేకు మీద కాలు వేయకుండా దాటిస్తాడు. నడిమధ్యలో బ్రేకు కొడితే ఆ తోపంతా వంతెన మీదే పడుతుంది. అవతల హారన్లు మోగుతుంటాయి, కొందరు దిగొచ్చి అరుస్తారు. పోలీసు ఎస్కార్టు లేకపోతే వాళ్లని ఆపడం మా కుర్రాళ్ల వల్ల కాదు. ఎస్కార్టు ఫీజు ఎందుకని మీ అకౌంట్స్ వాళ్లు అడిగినప్పుడు ఇది చెప్పండి.

వంతెన బలహీనంగా ఉందని ఇంజినీర్లు తేలిస్తే పక్కనే వాగులో తూములు వేసి, మట్టీ కంకరా పోసి తాత్కాలిక దారి వేసుకోవాలి. దానికి మళ్లీ వేరే అనుమతి. వానలు మొదలయ్యాయంటే ఒక్క వరదకి ఆ దారి కొట్టుకుపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా అలాంటి రూట్లలో మేం తేదీ ఖాయంగా చెప్పలేం. చెప్పినవాళ్లు దేన్ని చూసుకుని చెప్తున్నారో అడగండి.

ఎత్తు విషయం ఇంకో తలనొప్పి. హైవే మీద ఫ్లైఓవర్ కింద 5.5 మీటర్ల ఖాళీ ఉండాలని లెక్క. కానీ పాత రోడ్డు మీద మళ్లీ మళ్లీ తారు పోసిన చోట ఆ ఖాళీ తగ్గిపోతుంది. బోర్డు మీద మాత్రం పాత అంకే ఉంటుంది. అందుకే మా రూట్ సర్వే మనుషులు కొలకర్ర పట్టుకుని ప్రతి వంతెన కింద రోడ్డు మధ్యలోనూ రెండు అంచుల్లోనూ కొలిచి రాస్తారు. అవసరమైతే అక్కడ హైడ్రాలిక్స్ కిందికి దించి బండిని పాకించినట్టు దాటిస్తాం. పల్లెల్లో కరెంటు తీగలు మరీ కిందికి వేలాడుతుంటాయి. డిస్కం వాళ్లు లైన్ ఆపి, ఆపామని రాసిచ్చాకే మా కుర్రాళ్లు వెదురు గడలతో తీగలెత్తుతారు. ఫోన్లో "ఆపేశాం, పోనీయండి" అంటే మేం పోనీయం. కరెంటు ఆపినందుకు ఆ ఊళ్లో మోటార్లు ఆగుతాయి, రైతులు ఊరుకోరు. అందుకే లైన్‌మెన్ ఇచ్చిన గంటలోపల మేం అక్కడ ఉండి తీరాలి. వెనక ఇంకెక్కడో ఒక్క పర్మిషన్ ఆలస్యమైతే ఆ గంట పోతుంది, మళ్లీ దొరకడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని. ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం. ఇది చాలామంది పట్టించుకోవడం లేదు, గట్టిగా చెప్పక తప్పదు. మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువిస్తారు. ఓవర్ డైమెన్షనల్ కార్గోకి (ఓడీసీ, అంటే మామూలు కొలతలు మించిన సరుకుకి) 20 కిలోమీటర్లకే ఒక రోజు. బిల్లు తీసేటప్పుడు వాహనం రకం దగ్గర 'రెగ్యులర్' అని వదిలేస్తే వెయ్యి కిలోమీటర్ల దారికి 5 రోజులే వస్తాయి. 'ఓడీసీ' అని ఎంచుకుంటే 50 రోజులు వస్తాయి. 5 రోజుల్లో మా బండి ఒక రాష్ట్రం దాటడమే కష్టం. గడువు పొడిగించాలంటే అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల లోపలే వీలవుతుంది. ఆ సమయం అర్ధరాత్రి పడితే మీ ఆఫీసులో ఫోనెత్తేవాళ్లుండరు. గడువు దాటిన బిల్లుతో పట్టుబడితే సరుకు మీద పన్నుకి రెండింతలు జరిమానా వేసే అధికారం జీఎస్టీ చట్టంలో ఉంది. పది కోట్ల ట్రాన్స్‌ఫార్మర్‌కి 18 శాతం పన్నంటే కోటీ 80 లక్షలు. దానికి రెండింతలంటే 3 కోట్ల 60 లక్షలు. ఒక్క డబ్బా టిక్ చేయకపోవడం వల్ల ఇంత ప్రమాదం. ఇకపై మా ఆఫీసులో బిల్లు చూసి, 'ఓడీసీ' అని ఉంటేనే బండి గేటు దాటిస్తాం.

రెండోది బరువు. కొందరు డ్రాయింగులో ఉన్న బరువు కంటే తక్కువ రాసి అర్జీ పెట్టమంటున్నారు, పర్మిషన్ తొందరగా వస్తుందని. ఎంత పాత కస్టమరైనా, ఎంత పెద్ద ఆర్డరైనా ఆ పని చేయం. ఇంజినీరు మనం రాసిన అంకె చూసే వంతెన మీదకి రానిస్తాడు. ఆ అంకె అబద్ధమైతే ఆయన చేసిన లెక్కంతా అబద్ధమే. తేడా వస్తే చచ్చేది డ్రైవర్, పక్కన నడిచే సూపర్‌వైజర్. కాబట్టి తయారీదారు సంతకంతో ఉన్న జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగు (సరుకు మొత్తం కొలతలు చూపే బొమ్మ), రవాణా బరువు, గరిమనాభి (బరువంతా తూగే చోటు) ఎక్కడుందో చూపే గుర్తు, జాకింగ్ పాయింట్లు (జాకీ పెట్టి ఎత్తే చోట్లు), ఇవన్నీ ఆర్డరుతో పాటే పంపండి. ఫ్యాక్టరీలో ఆఖరి నిమిషంలో ట్రాన్స్‌ఫార్మర్‌కి బయట బిగించే ఏ రేడియేటరో బుషింగో తగిలించే పంపుతామంటే కొలత మారుతుంది, కొలత మారితే పర్మిషన్లన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

"మిగతావాళ్లు బయల్దేరుతున్నారు కదా, దారిలో చూసుకుందాం" అనే మాట కూడా వింటున్నాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకి 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకి 2,000. సరుకు బయటికి పొడుచుకొచ్చినందుకు మరో 20,000. అదనపు సరుకు దించేదాకా బండి కదలకూడదు. ఇసుకైతే సగం దించి పోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌ని సగం దించలేం కదా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపిన చోట బండి రోజుల తరబడి నిలబడిపోతుంది. అప్పుడు అర్జీ పెట్టుకోవడం మామూలుగా పెట్టుకోవడం కంటే ఎంతో కష్టం. చట్టం రాసినవాళ్లు విడగొట్టలేని సరుకుకి వేరే నియమం పెట్టి ఉండాల్సింది. వంతెనలకి కేంద్రం ఆన్‌లైన్ పద్ధతి తెచ్చినట్టే, రాష్ట్రాలన్నీ ఒకే అర్జీ తీసుకుని ఒకే గడువుతో కాగితం ఇస్తే మాకు సగం కష్టం తీరుతుంది. రవాణా సంఘాల సమావేశాల్లో నేను ప్రతిసారీ అడిగేది ఇదే, అడుగుతూనే ఉంటాను.

డబ్బు సంగతి. రూట్ సర్వే, ప్రభుత్వ ఫీజులు, ఎస్కార్టు, లైన్ షట్‌డౌన్, ఇవన్నీ ఇకపై కిరాయిలో కలపకుండా రసీదులతో విడిగా చూపిస్తాం. రసీదు లేని ఖర్చు ఒక్క రూపాయి కూడా మీ బిల్లులో ఉండదు. మా బండి పాడై ఆగితే ఆ రోజుల హాల్టింగ్ మాదే. పర్మిషన్లన్నీ వచ్చాక మీ ఫ్యాక్టరీలో సరుకు తయారుగా లేక బండి ఆగినా, సైటులో ఫౌండేషన్ సిద్ధం కాక దించలేకపోయినా హాల్టింగ్ మీది. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల దారి మూసేస్తే సగం సగం భరిద్దాం. కొత్త అగ్రిమెంట్లలో ఈ మూడూ రాసి పంపుతున్నాం. ఒప్పుకోలేని వాక్యం ఉంటే సంతకానికి ముందే ఫోన్ చేయండి, కూర్చుని మాట్లాడుకుందాం.

ఇప్పటికే బుక్ చేసిన లోడ్లకి ఏ రాష్ట్రంలో ఏ అర్జీ ఏ దశలో ఉందో ప్రతి సోమవారం మీకు వాట్సాప్‌లో పంపుతాం. ఆగి ఉంటే ఆగిందనే రాస్తాం, కారణం కూడా రాస్తాం. మీ సైటు ఇంజినీరుని కూడా ఆ గ్రూపులో చేర్చండి. క్రేన్‌నీ ఫౌండేషన్ పనినీ ఆ తేదీలు చూసి సర్దుకోవాల్సింది ఆయనే. కొత్త లోడ్లకి, రాష్ట్రం దాటేవైతే కనీసం రెండు నెలల ముందు, రాష్ట్రంలోపలివైతే నెల ముందు డ్రాయింగులు మా ఆఫీసుకి చేరాలి. గుజరాత్ నుంచి రావాల్సినవాటికి రూట్ సర్వే మళ్లీ చేయిస్తున్నాం. ఆ నివేదిక వచ్చాకే రేటు చెప్తాం, అప్పటిదాకా పాత కొటేషన్లు చెల్లవు.