పదహారో రోజు నుంచి ఎవరు చూస్తారు?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా రూ.5 లక్షల వరకు ఉచిత వైద్యం అందించే ఆయుష్మాన్ కార్డుల గురించి పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. 2024 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఈ ఏర్పాటును నేను తప్పుపట్టడం లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే దుస్థితి ఎన్నో కుటుంబాలకు తప్పిందన్నదీ కాదనలేని మాట. అయితే ఈ పథకాల లెక్క అంతా ఆసుపత్రి మంచం చుట్టూనే తిరుగుతుంది. గుండె వైఫల్యం ఉన్న వృద్ధుల అసలు అవస్థ ఆ మంచం దిగి ఇంటికి చేరాక మొదలవుతుందని, 84 ఏళ్ల మా అమ్మను మూడేళ్లుగా చూసుకుంటున్న కొడుకుగా మనవి చేస్తున్నాను.

హార్ట్ ఫెయిల్యూర్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ, ‘‘ఫెయిలైతే నేనింకా ఎట్టా కూర్చున్నాను నాయనా?’’ అని అడిగింది. గుండె ఆగిపోవడం కాదు, శరీరానికి కావలసినంత రక్తాన్ని అది తోడిపోయలేకపోతోంది, అందువల్లే కాళ్లకూ ఊపిరితిత్తులకూ నీరు పడుతోంది అని ఆమెకు అర్థమయ్యేలా చెప్పినవారు మూడోసారి ఆసుపత్రిలో చేర్చేదాకా దొరకలేదు. ఎకో రిపోర్టు చూసి నన్ను వరండాలోకి పిలిచి, ‘‘పంపింగ్ ముప్పై శాతమే ఉంది’’ అని గొంతు తగ్గించి చెప్పారు. జబ్బు ఆమెది, సంప్రదింపు మాత్రం నాతో! డాక్టర్లను ఒక్కరినే అని ప్రయోజనం లేదు, ఆమెకు చెప్పవద్దని అడిగిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

డిశ్చార్జి రోజున తొమ్మిది రకాల మాత్రలు, అయిదు పేజీల ఇంగ్లిషు కాగితాలు, ‘‘ఉప్పు తగ్గించండి’’ అన్న ఒక సలహా చేతికొచ్చాయి. మా అమ్మ బుద్ధిగా కూరలో ఉప్పు మానేసింది. రుచి చాలక ఆవకాయ బద్ద మరొకటి వేసుకునేది. పచ్చడి, అప్పడం, ఒడియం కూడా ఉప్పు లెక్కలోకే వస్తాయని విడమరచి చెబితే తప్ప మన ఇళ్లలో ఎవరికీ తట్టదు. అలాగే ప్రతి శనివారం ఆమె నీరు పోయే మాత్ర మానేస్తోందని నెలల తరబడి నేను గమనించనే లేదు. గుడి దగ్గర మరుగుదొడ్డి లేదు, మాత్ర వేసుకుంటే గంటలో రెండు మూడుసార్లు వెళ్లాలి, అది ఎవరితో చెప్పుకోవాలి? గుడి నుంచి వచ్చాక వేసుకోవచ్చని ఆ తర్వాత ఒక నర్సు చెప్పింది. ఇంతకాలం కావలసింది ఆ ఒక్క మాటే.

ఇక మోకాళ్ల నొప్పుల సంగతి. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షనుతో, మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్ మాత్రలతో నొప్పి తగ్గింది కానీ వారం తిరగకుండా పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు, రాత్రిళ్లు మూడు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. ఇటువంటి నొప్పి మందులు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవచేస్తాయి కనుక గుండె వైఫల్యం ఉన్నవారు వాడకూడదని వైద్యులందరికీ తెలుసు. ఆ హెచ్చరిక మా అయిదు పేజీల్లో ఎక్కడా తెలుగులో లేదు.

ఆయుష్మాన్ నిబంధనల ప్రకారం డిశ్చార్జి అయ్యాక 15 రోజుల వరకు మందులు, పరీక్షలు ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. జబ్బు జీవితకాలానిది. పదహారో రోజు నుంచి మందుల ఖర్చు, మూత్రపిండాల పనితీరుకూ పొటాషియానికీ చేయించవలసిన రక్తపరీక్షల ఖర్చు ఇంటివాళ్లదే. మళ్లీ ఆయాసం ముదిరి అత్యవసర విభాగంలో చేరితే మాత్రం వేల రూపాయలు మంజూరవుతాయి. ఖరీదైన దారికి డబ్బు ఉండి, చవకైన దారికి లేకపోవడం నాకు అర్థం కాని లెక్క. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించాలి. ఇందుకు ఇంట్లో ఒక బరువు తూచే యంత్రం, రోజూ ఉదయం అంకె రాసుకునే నోటుపుస్తకం, పెరిగినప్పుడు ఫోను చేస్తే పలికే నర్సు కావాలి. బీపీ, షుగరు చూడడానికి ఇంటింటికీ తిరుగుతున్న ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు పాదాల వాపు నొక్కి చూడడం, బరువు రాయడం నేర్పితే ఇది అసాధ్యమేమీ కాదు.

మరొక సంగతి చెప్పడానికి కొంచెం వెనకాడుతున్నాను. ఈ జబ్బు ముదిరాక ఐసీయూలో వెంటిలేటరు మీద ఉండాలా, ఇంట్లో ఆయాసం తగ్గే ఉపశమన వైద్యం సరిపోతుందా అన్నది రోగి ఇష్టం మీద ఆధారపడాలి. చివరి దశలో ఎలాంటి వైద్యం వద్దో ముందుగానే రాసిపెట్టుకునే జీవన వీలునామాను 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది, 2023లో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట రాసుకునేలా దానిని సులభం చేసింది. కానీ మన ఇళ్లలో ఆ ప్రస్తావన తెస్తేనే అపశకునం. ఉపశమన వైద్యమంటే క్యాన్సరుకేనన్న అభిప్రాయం ఆసుపత్రుల్లోనూ ఉంది. 2008లోనే దీనికి ఒక విధానం రూపొందించుకున్న కేరళను చూసైనా, గుండె వైఫల్యంతో మంచాన పడ్డవారి ఇంటికి నర్సు వెళ్లే ఏర్పాటును మన రెండు రాష్ట్రాలూ మండల స్థాయి దాకా తీసుకురావాలి.

మొన్న నేను సందేహిస్తూనే అడిగితే మా అమ్మ తడుముకోకుండా చెప్పింది: రాత్రి పడుకుని నిద్రపోవాలి, ఒకరు పట్టుకోకుండా బాత్రూముకు వెళ్లాలి, మళ్లీ ఐసీయూకు తీసుకుపోవద్దు. ఎన్నేళ్లు బతుకుతానని ఆమె అడగలేదు. డిశ్చార్జి కాగితాల్లో తెలుగులో ఒక పేజీ చేర్చి, అందులో రోగి కోరుకునేదేమిటో రోగినే అడిగి రాసే నాలుగు గీతలు ఉంచాలని వైద్యారోగ్య శాఖకు మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా