గుద్ది జారుకుంటే ఎలా?
హైదరాబాద్ మాల్ సెల్లార్లలో ఆగి ఉన్న కారును గుద్ది, ఎవరూ చూడలేదని జారుకోవడం మామూలైపోయింది. ఎవరికైనా గాయమైతేనే పోలీసులకు చెప్పాలని చాలామంది అనుకుంటారు. కానీ మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, ఇతరుల ఆస్తికి నష్టం జరిగినా డ్రైవర్ 24 గంటల్లోపు తెలపాల్సిందే. ఇప్పుడు సొట్ట తీయించే ఖర్చు దెబ్బతిన్న కారు యజమానిదే. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయేదీ ఆయనకే! సీసీటీవీ ఫుటేజీ అడిగితే సెక్యూరిటీ వాళ్లు ‘పోలీసు కంప్లయింట్ తెండి’ అంటారు, తెచ్చేసరికి రికార్డింగ్ చెరిగిపోతుంది. పార్కింగ్ డబ్బులు వసూలు చేసేటప్పుడు ఈ పట్టింపులేవీ ఉండవు. ఫుటేజీని కనీసం నెల రోజులు భద్రపరచాలని, గుద్దిన బండి నంబరును బాధితుడికి అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వాలని పార్కింగ్ అనుమతుల్లోనే షరతు పెట్టాలి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్