మేకకు వడదెబ్బ కంటే ముందే కాలేయానికి దెబ్బ

సంపాదకుల వారికి,

వేసవిలో జీవాలు పడిపోయి చనిపోతే మీ జిల్లా పేజీలో వార్త వస్తుంది. చావకుండా చిక్కిపోయే వాటి సంగతి, ఈసుకుపోయే (నెలలు నిండకుండానే పిల్లను జారవిడిచే) వాటి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. చంద్రగిరి దగ్గర పాతిక మేకలు మేపుకొనే నాకు ఆ రెండో నష్టమే పెద్దది. అది కాలేయం దగ్గర మొదలవుతుందని ఆలస్యంగా తెలిసింది కాబట్టి ఈ ఉత్తరం.

మొన్నటి కత్తిరి ఎండల్లో నాలుగున్నర నెలల చూడి మేక ఒకటి మూడు రోజులు మేత ముట్టలేదు. మందుల దుకాణంలో ‘లివర్ టానిక్’ అని ఇచ్చిన సీసా రెండు పూటలు తాగించాను. నాలుగో రోజు తెల్లారేసరికి అది లేవలేదు. పశువైద్యుడు కోసి చూపినప్పుడు కడుపులో రెండు పిల్లలున్నాయి; కార్జం ముదురు ఎరుపు పోయి, పాలిపోయిన పసుపు రంగులో, వేలితో నొక్కితే చిదిమిపోయేలా ఉంది. వడదెబ్బ అనుకొన్నది నేను. చూడి కాలంలో వచ్చే కీటోసిస్ (గ్లూకోజు చాలక ఒంట్లో కొవ్వు కరిగి వచ్చే జబ్బు) అని, ఎండ దాన్ని ముందుకు తోసిందని ఆయన చెప్పారు.

మనకు అన్నం తింటే గ్లూకోజు అందినట్టు మేకకు అందదు. తిన్న ఆకు పెద్దపొట్టలో పులిసి ఆమ్లాలుగా మారితే, వాటిలో ముఖ్యంగా ప్రొపియోనిక్ ఆమ్లాన్ని పట్టుకొని కాలేయం గ్లూకోజు తయారు చేస్తుంది. మామూలుగా 39 డిగ్రీల దరిదాపుల్లో ఉండే ఒంటి వేడి పెరిగితే మేక వగరుస్తుంది, మేత తగ్గిస్తుంది, నెమరు తగ్గిస్తుంది. వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లడంతో పొట్టకూ కాలేయానికీ అందేది తగ్గుతుంది. అంటే ముడిసరుకూ తగ్గె, పనిచేసే చోటుకు రక్తమూ తగ్గె. అప్పుడు కండ కరిగించి గ్లూకోజు చేసుకొంటుంది, దాంతో వచ్చే అమ్మోనియాను యూరియాగా మార్చే పనీ కాలేయం మీదే పడుతుంది. పాలిచ్చే మేకల్లో ఎండకు మేత తగ్గినా కొవ్వు అనుకొన్నంతగా కరగదు. కవల పిల్లలున్న చూడి మేకలో మాత్రం పిల్లల ఆకలి ఆగదు కాబట్టి కొవ్వు ఒక్కసారిగా కాలేయానికి చేరి అక్కడే పేరుకుపోతుంది. నేను చూసిన పసుపు రంగు అదే. ఈ స్థితికి చేరాక సీసాలోని టానిక్‌కు చేయగలిగింది పెద్దగా లేదు.

ఇప్పుడు నేను తెల్లవారక ముందే మందను వదిలి, పది గంటలకల్లా చింతచెట్టు కిందికి తోలుకొస్తున్నాను. వేరుశనగ కట్టె, అవిసాకు పొద్దుగూకాక వేస్తున్నాను. కొట్టం రేకుల మీద కొబ్బరి మట్టలు పరిచాను. చూడి మేకలకు చివరి నెలన్నరలో గుప్పెడు మొక్కజొన్న నూక ఇస్తున్నాను. ఒక్కసారిగా ఎక్కువ పెడితే పొట్ట పులిసిపోతుంది, ఆ తప్పూ ఒకసారి చేశాను. అల్బెండజోల్ వంటి నులిపురుగుల మందును ఒంట్లో వేరే రూపంలోకి మార్చేదీ కాలేయమే కాబట్టి, మిట్టమధ్యాహ్నం మందను నిలబెట్టి తాగించే అలవాటు మానేశాను.

వేసవి సూచనల కరపత్రాల్లో నీడ, నీళ్లు అన్న రెండు మాటలే ఉంటున్నాయి. తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉండగా, అక్కడి అధ్యాపకుల చేత చూడి జీవాల వేసవి మేత మీద మార్చి నుంచి జూన్ వరకు వారం వారం మీ జిల్లా పేజీలో నాలుగు ముక్కలు రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మేకల పెంపకందారు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా