పెద్దవారి కాళ్లలో బలాన్ని కూడా కొలిపించండి: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

అయ్యా,

నేను సికింద్రాబాదు ప్రాంతంలో ఇళ్లకు వెళ్లి చికిత్స చేసే ఫిజియోథెరపిస్టును. తుంటి ఎముక విరిగి ఆపరేషను అయినవారు, పక్షవాతం వచ్చినవారు, మోకాలు మార్పిడి చేయించుకున్నవారు నేను చూసేవారిలో ఎక్కువ. వీరిలో అరవై దాటినవారి ఇంట్లో, కింద పడక ముందు ఎలా ఉండేవారని అడిగితే ఇంచుమించు అందరూ ఒకే మాట చెబుతారు. ఏడాది రెండేళ్లుగా నీరసంగానే ఉన్నారని, చేతులు ఆనిస్తే తప్ప కుర్చీలోంచి లేవలేకపోయేవారని, మెట్లు ఎక్కడం మానేశారని, వయసు మీద పడింది కదా అని ఊరుకున్నామని అంటారు. ఆ ఏడాది రెండేళ్లలో వారు బస్తీ దవాఖానాకు వెళ్లారు, బీపీ చూపించుకున్నారు, షుగరు పరీక్ష చేయించుకున్నారు, మందులు తెచ్చుకున్నారు. వారి కాళ్లలో సత్తువ ఎంత మిగిలిందో మాత్రం ఎవరూ చూడలేదు. హైదరాబాదులోని ప్రతి బస్తీ దవాఖానాలోనూ 60 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికొకసారి కండబలం కొలిచే ఏర్పాటు చేయించమని, బలహీనంగా ఉన్నట్టు తేలినవారికి తగిన వ్యాయామమూ ఆహారమూ అందేలా చూడమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

వయసుతోపాటు కండ తగ్గడం సహజమే. ముప్పై దాటినప్పటి నుంచి ప్రతి పదేళ్లకూ 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతుందనీ, అరవై దాటాక ఆ తరుగుదల ఇంకా వేగమందుకుంటుందనీ వైద్యశాస్త్రం చెబుతోంది. కండ ఎంత తగ్గుతుందో బలం అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. అందులోనూ ముందుగా సన్నబడేవి చురుకుగా కదిలే కండపోగులు. కాలు జారినప్పుడు చటుక్కున అడుగు ముందుకు వేసి నిలదొక్కుకోవడానికి పనికొచ్చేవి అవే. ఈ క్షీణతకు 1989లో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ సార్కోపీనియా అని పేరు పెట్టారు. 2016లో అమెరికాలో వాడే వ్యాధుల వర్గీకరణలో దీనికి ప్రత్యేక సంఖ్య కూడా ఇచ్చారు. మన దగ్గర మాత్రం ఇప్పటికీ చీటీ మీద 'జనరల్ వీక్‌నెస్' అని రాసి, ఒక మల్టీవిటమిన్ మాత్ర ఇచ్చి పంపడమే ఎక్కువగా చూస్తున్నాను.

షుగరు వ్యాధి ఇంతగా ఉన్న మన నగరానికి ఇందులో మరో ప్రమాదం ఉంది. భోజనం చేశాక రక్తంలో చేరే గ్లూకోజులో పెద్ద భాగాన్ని తీసుకునేది కండే. కండ తగ్గినకొద్దీ షుగరు అదుపు తప్పుతుంది, షుగరు అదుపు తప్పినకొద్దీ కండ మరింత తగ్గుతుంది. పైగా ఒళ్లు చేసినవారిలో ఈ క్షీణత కంటికి ఆనదు. మనిషి లావుగా కనిపిస్తాడు కాబట్టి ఇంట్లోవాళ్లకు గాని, డాక్టరుకు గాని అనుమానం రాదు. తూకం యంత్రం కొవ్వునూ కండనూ వేరుచేసి చెప్పదు కదా.

ఈ బలహీనతను కనిపెట్టడానికి స్కానింగులు అక్కరలేదు. చేతులు లేని మామూలు కుర్చీ ఒకటి, సెల్‌ఫోనులోని స్టాప్‌వాచీ ఒకటి చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, వరసగా అయిదుసార్లు లేచి కూర్చోమంటారు. అందుకు 12 సెకన్లు గాని అంతకంటే ఎక్కువ గాని పడితే అనుమానించాలని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ప్రకటించిన ప్రమాణాలు చెబుతున్నాయి. చేతిపట్టు బలాన్ని చూపే డైనమోమీటరు ఉంటే మరీ మంచిది. అదే ప్రమాణాల ప్రకారం పట్టు మగవారిలో 28 కిలోలకు, ఆడవారిలో 18 కిలోలకు తగ్గితే బలహీనత ఉన్నట్టే. అదీ లేనిచోట పిక్క చుట్టుకొలతను టేపుతో చూసినా ఒక అంచనాకు రావచ్చు. అది మగవారిలో 34, ఆడవారిలో 33 సెంటీమీటర్ల కంటే తక్కువగా ఉంటే మిగతా పరీక్షలకు పంపాలి. నర్సమ్మకు ఒక పూట శిక్షణ ఇస్తే ఇవన్నీ చేయగలుగుతుంది.

చిలకలగూడ దగ్గర ఒక కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లకు ఈ కుర్చీ పరీక్ష చేయించిన రోజు చూసిన ఒక సంగతి మీ దృష్టికి తేవాలి. డెబ్బై దాటిన ఒకావిడ మందుల పుస్తకంలో బీపీ, షుగరు అంకెలన్నీ చక్కగా అదుపులో ఉన్నాయి. 'అత్తమ్మకు ఏం బాధ లేదు, వంటంతా ఆమెనే చేస్తది' అని కోడలు చెప్పింది. చేతులు కట్టుకుని లేవమంటే ఆవిడ కుర్చీ అంచుకు జరిగి, ముందుకూ వెనక్కూ రెండుసార్లు ఊగి, ఆ ఊపుతో లేచారు. రెండోసారి లేచేటప్పుడు తనకు తెలియకుండానే కుడిచెయ్యి మోకాలి మీదికి వెళ్లింది. మూడోసారి సగం దాకా లేచి, దబ్బున కూలబడ్డారు. వంటగట్టు పట్టుకుని నిలబడి వంట చేస్తున్నారనీ, స్నానాలగదిలో కుళాయి పట్టుకుని లేస్తున్నారనీ, ఆరు నెలలుగా గుడికి వెళ్లడం లేదనీ అప్పుడు గాని బయటపడలేదు. ఆ పుస్తకంలో రాయని అంకె ఒక్కటే ఉంది. ఆవిడ పడిపోతారో లేదో చెప్పగలిగేది అదే.

కొలిచేవారు లేరు కాబట్టి జనం తమకు తెలిసిన దారి వెతుక్కుంటున్నారు. నీరసంగా ఉందనగానే వీధి చివర క్లినిక్కుకు వెళ్లి సెలైన్ ఎక్కించుకుంటారు, బలానికి సూది వేయించుకుంటారు. 5 శాతం డెక్స్‌ట్రోజు ఉన్న అర లీటరు సీసాలో 25 గ్రాముల చక్కెర తప్ప మాంసకృత్తులు చుక్కైనా ఉండవు. ఆ పూటకు కాస్త ఓపిక వచ్చినట్టు అనిపిస్తుంది, కండకు చేరేది మాత్రం ఏమీ ఉండదు. అంతకంటే భయపెట్టేవి కీళ్లనొప్పులకని పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరు తెలియని మాత్రలు. వాటిలో స్టీరాయిడ్లు కలిసి ఉంటే, నెలల తరబడి వాడినవారిలో తొడల, తుంటి కండరాలే ముందు కరిగిపోతాయి. నొప్పి తగ్గిందని సంతోషించిన మనిషి, కొన్నాళ్లకు నేల మీద కూర్చుంటే లేవలేకపోతాడు. ఇటువంటివారిని నేను పదే పదే చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది.

ఇంత బాధగా రాయడానికి కారణం, ఈ బలహీనత చాలావరకు తిరిగి సరిదిద్దగలిగేది కావడమే. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో సగటున తొంభై ఏళ్ల వయసున్నవారితో ఎనిమిది వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తించారు. వారి తొడకండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో అదే శాస్త్రవేత్తల బృందం వంద మందితో చేసిన అధ్యయనంలో, వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా బలవర్ధక పానీయం మాత్రమే తాగినవారిలో బలహీనత తగ్గలేదు. డబ్బాల కొద్దీ పొడులు కొని పాలల్లో కలిపి ఇస్తూ, మా నాన్నగారికి అన్నీ చేస్తున్నామని అనుకునే కుటుంబాలకు ఈ సంగతి తెలియాలి.

65 ఏళ్లు దాటినవారు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు, మూడు రోజులు తూలకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఇందిరాపార్కులో, కేబీఆర్ పార్కులో పొద్దున్నే నడిచే పెద్దలను చూస్తే ముచ్చటేస్తుంది. నడక గుండెకు మేలు చేస్తుంది గానీ, ఒక్క నడకతోనే తొడకండ పెరగదు. కండ పెరగాలంటే అది మోయడానికి కష్టపడేంత బరువు ఉండాలి, ఆ బరువు క్రమంగా పెరుగుతుండాలి. పార్కుల్లో పెట్టిన ఓపెన్ జిమ్ములు మంచి ఆలోచనే. అయితే ఏ పరికరం ఎవరు వాడాలో, ఎంతసేపు వాడాలో చెప్పేవారు అక్కడ లేక, పిల్లలు ఊగడానికే ఎక్కువగా పనికొస్తున్నాయి. వారంలో రెండు పూటలు ఒక ఫిజియోథెరపిస్టు అక్కడ ఉంటే, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మడమలు ఎత్తి దించడం, ఇసుకసంచి కట్టుకుని కాలు చాపడం వంటివి ఇరవైమందికి ఒకేసారి నేర్పవచ్చు.

ఇక తిండి విషయం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే 1918లో కూనూరులో పుట్టి 1958లో మన నగరానికి తరలివచ్చిన సంస్థ, పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని 2020లో చెప్పింది. వయసు మళ్లినవారి కండ తిన్న మాంసకృత్తులను మునుపటంత బాగా వాడుకోలేదు కనుక, వారికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని అంతర్జాతీయ నిపుణులు అంటున్నారు. అంటే 55 కిలోల మనిషికి రోజుకు 55 నుంచి 66 గ్రాములు. నేను వెళ్లే ఇళ్లలో పెద్దావిడల భోజనం చూస్తే, పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, పెరుగన్నం, కాస్త పప్పు, రెండుసార్లు చాయ్, రాత్రి జావ. ఎంత ఉదారంగా లెక్క వేసినా ఇది ముప్పై గ్రాములు దాటదు. పళ్లు ఊడిపోయి మాంసమూ పల్లీలూ నమలలేక మానేసినవారు కొందరు, గుడ్డు వేడి చేస్తుందని తిననివారు కొందరు, పాలు మనవలకు పోసి మజ్జిగతో సరిపెట్టుకునేవారు మరికొందరు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు. అందుకే ఈ సలహా దవాఖానాలో, రక్తపరీక్ష చూసి చెప్పవలసినది.

2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల్లో రోజూ గుడ్డు, పాలు, ఒక పూట పూర్తి భోజనం పెడుతున్న రాష్ట్రం మనది. ఆ పథకం ఎందరికో మేలు చేసిందని నేను నమ్ముతున్నాను. అదే ఆలోచనను, పరీక్షలో బలహీనంగా తేలిన పేద వృద్ధుల దాకా పొడిగించమని కోరుతున్నాను. రేషను దుకాణంలో సన్నబియ్యం ఇస్తున్నందుకు కృతజ్ఞతలు, అయితే ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు కొరతగా ఉన్నది బియ్యం కాదు, కందిపప్పు, గుడ్డు. నెలకు 2,016 రూపాయల పింఛనులో ఇంటి అద్దె, మందులు పోను పప్పుకు మిగిలేది ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

పెద్దాసుపత్రుల గురించి ఒక్క మాట. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచానికే పరిమితం చేస్తే, కాళ్లలోనే దాదాపు ఒక కిలో కండ పోయింది. జ్వరానికో ఊపిరితిత్తుల నిమ్ముకో చేరి, జబ్బు నయమై, నడక మాత్రం పోగొట్టుకుని ఇంటికి వచ్చేవారు ఇలాగే తయారవుతున్నారు. కదలకూడదని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, వార్డుల్లో వృద్ధులను రోజూ మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టాలని, నాలుగడుగులు వేయించాలని మీరు ఒక ఉత్తర్వు ఇస్తే ఖజానాకు పెద్ద భారం పడదు.

ఇవన్నీ కొత్తగా సృష్టించవలసిన వ్యవస్థలు కావు. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు కేంద్రం 2010-11లో ప్రారంభించిన జాతీయ కార్యక్రమంలోనే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొకసారి వృద్ధుల క్లినిక్ జరగాలని ఉంది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నింపే ప్రశ్నావళిలో, నిలబడినప్పుడు గాని నడిచేటప్పుడు గాని తూలుతున్నారా, రోజువారీ పనులకు ఎవరి సాయమైనా కావాలా అని అరవై దాటినవారిని అడిగే ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. అవునని చెప్పినవారిని తరవాత ఎక్కడికి పంపాలన్నదే మా బస్తీల్లో ఎవరికీ తెలియదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు పేదవారి ఇంటికి అంత దగ్గరగా ఉన్నప్పుడు, ఆ ప్రశ్నకు జవాబు అక్కడే దొరకాలి. బలహీనత తేలినవారికి థైరాయిడ్, క్షయ, రక్తహీనత, విటమిన్ డి లోపం, దిగులు వంటి కారణాలు వెతకడం, వాడుతున్న మాత్రలన్నీ తెప్పించి చూడడం, ఆ తరవాత వ్యాయామానికి పంపడం అక్కడి డాక్టరు చేయగల పనులే. అయిదారు దవాఖానాలకు కలిపి ఒక ఫిజియోథెరపిస్టును నియమిస్తే సరిపోతుంది. చదువుకుని తక్కువ జీతాలకు ప్రైవేటులో పనిచేస్తున్న పిల్లలు మన నగరంలో ఎంతోమంది ఉన్నారు.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితం చేశారు. ఆ బస్సు మొదటి మెట్టు ఎక్కలేక, కూతురింటికి వెళ్లడం మానుకున్న తల్లులు నాకు తెలుసు.

నగరమంతా ఒక్కసారే కాకపోయినా, ముందుగా ఒక సర్కిల్‌లోని బస్తీ దవాఖానాల్లో ఆరు నెలలపాటు ఈ పరీక్ష, వ్యాయామం, ఆహారం మూడూ కలిపి నడిపించండి. మొదట్లోనూ చివర్లోనూ కుర్చీ పరీక్షకు పట్టిన సెకన్లు, మధ్యలో కింద పడినవారి సంఖ్య నమోదు చేయించి, ఫలితాలను ప్రజల ముందు పెట్టించండి. ఆహారం లెక్కలకు జాతీయ పోషకాహార సంస్థ సాయం కోరవచ్చు. నర్సులకూ ఆశా కార్యకర్తలకూ కుర్చీ పరీక్ష నేర్పడానికి వారానికొక పూట జీతం లేకుండా పనిచేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాతోటి ఫిజియోథెరపిస్టులలోనూ ముందుకు వచ్చేవారు ఉన్నారు. ఏ దవాఖానాకు రావాలో మీ కార్యాలయం తెలియజేస్తే చాలు.

భవదీయురాలు,
ఒక ఫిజియోథెరపిస్టు,
సికింద్రాబాదు