రాజకీయ విలేకరికి నాయకుల ఫోన్ నంబర్లు ఉంటే చాలా?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ విశాఖ జిల్లా పేజీల్లో ఒక చానల్ వాళ్లు ఇచ్చిన 'రాజకీయ విలేకరులు కావలెను' ప్రకటన చూశాను. ఏదైనా డిగ్రీ, సొంత బైకు, మంచి కెమెరా ఉన్న ఫోను, స్థానిక నాయకులతో పరిచయాలు ఉండాలట. చివర్లో 'ప్రకటనలు సేకరించగలిగిన వారికి ప్రాధాన్యం' అని. తెలుగు తప్పుల్లేకుండా రాయడం వచ్చి ఉండాలని గానీ, పాలన ఎలా నడుస్తుందో తెలిసి ఉండాలని గానీ అందులో ఒక్క ముక్క లేదు. ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లు సివిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి. అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం పూర్తి చేసి ఇలాంటి ఇంటర్వ్యూకే వెళ్లింది. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. ఏ ఎమ్మెల్యే దగ్గర నీకు చనువుంది, ఫోన్ చేస్తే ఎత్తే కార్పొరేటర్లు ఎవరెవరు, నాయకుల పుట్టినరోజులకు, పండగలకు ఎంత యాడ్ తేగలవు అని అడిగారట. ఇంటిపేరు విని కులం గురించి ఆరా కూడా తీశారట. జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) బడ్జెట్ మీద తను కష్టపడి చేసిన ప్రాజెక్టు పట్టుకెళ్తే తెరిచి కూడా చూడకుండా 'ఇవన్నీ ఎవరు చదువుతారమ్మా' అన్నారట. మేం చదువుతాం. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పొద్దున్నే పేపర్ల కోసం కూర్చునే వాళ్లను ఎవరినైనా అడగండి, తమ ఇంటి పన్ను ఎటు పోతోందో చదవాలని ఉందో లేదో చెబుతారు.

పరిచయాలు అక్కర్లేదని నేను అనను. రాజకీయ వార్త మనుషుల నుంచే వస్తుంది. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే నిజం చెప్పే మనిషి పార్టీ ఆఫీసులో ఒకరు, కలెక్టరేట్‌లో ఒకరు లేకపోతే విలేకరి పని నడవదు. కానీ ఆ పరిచయం సరైన ప్రశ్నలు అడిగి, రాసింది తప్పు కాకుండా చూసుకుని, ఏళ్ల తరబడి సంపాదించుకునేది. నిన్న ఒక నాయకుడి ఇంటి ముందు నిలబడి ఫుల్ పేజీ యాడ్ తెచ్చుకున్న కుర్రాడు, రేపు అదే నాయకుణ్ణి 'ఆ స్థలం మీ బావమరిది పేరు మీదకు ఎలా వచ్చింది సార్' అని ఏ మొహంతో అడుగుతాడు? 2009 ఎన్నికల తర్వాత పెయిడ్ న్యూస్ మీద, అంటే డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా వేయడం మీద, ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి గారు. వాళ్లిచ్చిన పూర్తి నివేదికను కౌన్సిలే బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ చెబితే గానీ 2011లో అది జనం ముందుకు రాలేదు. ఇంత జరిగాక కూడా ఉద్యోగ ప్రకటనలోనే యాడ్ల సంగతి పెడుతున్నారంటే ఏమనుకోవాలి?

జీవీఎంసీ కౌన్సిల్ సమావేశాల వార్తలు చూడండి. మేయర్ పోడియం దగ్గర బైఠాయింపు, ఒకరి మీద ఒకరు కేకలు, కాగితాలు చించి విసరడం, పక్కన ఫొటో. ఆ గొడవ మధ్యలో ఎన్ని అంశాలు ఆమోదం పొందాయి, వాటిలో టేబుల్ అజెండా కింద ఆ రోజే తెచ్చి పెట్టినవి ఎన్ని, ఏ పనికి అంచనా వ్యయం పెంచారు, ఏ దుకాణాల లీజు ఎవరికి పొడిగించారు అన్నవి మర్నాడు పేపరంతా వెతికినా కనిపించవు. డబ్బంతా కదిలేది ఆ కాగితాల మీదే. వాటిని చదవడం వచ్చిన విలేకరి ఒక్కడున్నా చాలు. 2012లో పాత కౌన్సిల్ గడువు తీరాక 2021 మార్చి దాకా ఈ నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ రోజుల్లో అడిగే కార్పొరేటర్ లేడు కాబట్టి అడగాల్సిన బాధ్యత విలేకరుల మీదే పడింది. 2021లో ఎన్నికైన 98 వార్డుల కార్పొరేటర్ల పుణ్యమా అని గొడవలకు కొదవ లేకపోయింది, లెక్కలు రాసేవాళ్లకే కరువైంది.

2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాసం వచ్చినప్పుడు ఏ కార్పొరేటర్ ఏ క్యాంపులో ఉన్నాడు, ఎవరు ఏ హోటల్లో దిగారు అని రోజూ చదివాం. తీర్మానం నెగ్గడానికి 74 ఓట్లే ఎందుకు కావాలో మాత్రం మా వీధిలో చాలామందికి తెలియదు. ఓటు కార్పొరేటర్లకే కాదు, ఎక్స్ అఫీషియో హోదాలో, అంటే తమ పదవి రీత్యా సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలకు కూడా ఉంటుంది. అందరినీ కలిపితే 111 మంది. అందులో మూడింట రెండొంతులు 74. సరిగ్గా ఆ 74 ఓట్లే పడ్డాయి. ఒక్క ఓటు తగ్గినా మేయర్ సీటు కదిలేది కాదు. ఈ లెక్క నాలుగు వాక్యాల్లో రాయగలిగిన వాడికి రాజకీయం కూడా బాగానే అర్థమవుతుంది. క్యాంపు కబుర్లు మోసేవాడు ఎవరో చెప్పింది మోయడం తప్ప ఏం చేయగలడు?

విశాఖ ఉక్కు కర్మాగారం సంగతీ అంతే. 2021 జనవరిలో అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్న దగ్గర్నుంచి ఈ ఊళ్లో ప్రతి ఇంటికీ అది సొంత విషయం. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. ఒక పార్టీ సంబరాలు చేసింది, ఇంకో పార్టీ పెదవి విరిచింది. పేపర్లు ఇద్దరి మాటలూ చెరో కాలమ్‌లో వేశాయి. అసలు అందులో ప్లాంటులో పెట్టే కొత్త మూలధనం 10,300 కోట్లు. మిగతా 1,140 కోట్లు అంతకుముందు ఇచ్చిన వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ ఖర్చుల) అప్పును ప్రిఫరెన్స్ షేర్లు అనే ఒక రకం వాటాలుగా మార్చడం, అంటే కొత్తగా వచ్చే డబ్బు కాదు. మా అపార్ట్‌మెంట్‌లో స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఒకాయన ఈ తేడా కాగితం మీద గీసి చూపిస్తే గానీ నాకు తెలియలేదు. ఒక పాఠకుడు ఇంకో పాఠకుడికి చెప్పుకోవాల్సిన విషయమా ఇది? ఇద్దరు నాయకుల మాటలు పక్కపక్కన పెడితే నిష్పాక్షికత అయిపోదు. వాళ్లలో ఎవరు చెప్పింది నిజమో చూసి రాయాలి. విలేకరికి జీతం ఇచ్చేది ఆ పనికే.

ఎన్నికల అఫిడవిట్లు ఇంకో గని. అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే ఆ అఫిడవిట్ నమూనా ఫారం 26లో అతని ఆస్తులు, అప్పులు, భార్య లేదా భర్త పేరున ఉన్నవి, పెండింగ్ కేసులు, అయిదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు అన్నీ ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. 2019 కాగితం, 2024 కాగితం పక్కపక్కన పెట్టుకుని, ఏ సర్వే నంబరులో భూమి కొత్తగా వచ్చిందో, ఏది మాయమైందో చూసి ఆ నాయకుణ్ణి నేరుగా అడిగిన వార్త మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు వచ్చింది? 'అత్యంత సంపన్న అభ్యర్థులు వీరే' అని ఒక బాక్సు కట్టి వదిలేస్తారు.

అధికారుల తీరు దీనికి తోడైంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఎవరూ అడక్కుండానే వివరాలు తమంతట తామే బయట పెట్టాలని, అది కూడా 120 రోజుల్లో చేయాలని నాలుగో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఇన్నేళ్లయినా కొన్ని ఆఫీసుల వెబ్‌సైట్లు తెరిస్తే బదిలీ అయిపోయిన అధికారి ఫొటోనే ఉంటుంది. అడిగితే 'కమిషనర్ గారు ఊళ్లో లేరు' అంటారు. ప్రెస్‌మీట్లలో నోట్ చదివి లేచిపోతారు, ప్రశ్న అడిగితే తర్వాత మాట్లాడదాం అంటారు. ఎదురుగా కూర్చున్న విలేకరికి విషయం తెలుసని భయం ఉంటే అలా లేచిపోతారా?

జీతం సంగతి చెప్పకపోతే విలేకరులకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. పాత్రికేయుల జీతాల మీద మజీఠియా వేజ్‌బోర్డు చేసిన సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. మండలాల్లో కంట్రిబ్యూటర్ల బతుకు మాత్రం ఇప్పటికీ లైన్ అకౌంట్ మీదే. అచ్చయిన లైన్లకు లెక్కగట్టి ఇచ్చే డబ్బు పెట్రోలుకు చాలదు. యాడ్ కమిషన్ లేకపోతే ఇల్లు గడవని మనిషికి నీతి బోధించే హక్కు యాజమాన్యానికి ఎక్కడిది? మంచి విలేకరి కావాలంటే ముందు జీతం సరిగా ఇవ్వాలి.

ఇంకో మాట. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక అనకాపల్లి పట్టణం వేరే జిల్లాకు పోయింది, కానీ దాని వార్డులు ఇప్పటికీ జీవీఎంసీలోనే ఉన్నాయి. ఎడిషన్ కూడా విడిపోవడంతో అక్కడి వార్డుల గోడు ఇక్కడివాళ్లకు తెలియదు, ఇక్కడి కౌన్సిల్ నిర్ణయాలు అక్కడివాళ్లకు అందవు. ఏ ఊరు ఏ జిల్లాలో ఉంది, ఏ నియోజకవర్గం కిందకు వస్తుంది అన్నది కూడా తేల్చుకోకుండా వార్తలు అచ్చవుతున్నాయి. ఈనాడు దినపత్రిక 1974లో మొదలైంది ఈ విశాఖలోనే. పత్రికల ఊరని గర్వంగా చెప్పుకునే మనకు ఇలాంటి తప్పులు చదవాల్సి రావడం బాధగా ఉంది.

మీ పత్రికకు నా విన్నపం. రాజకీయ విలేకరిని తీసుకునేటప్పుడు అతని చేతికి ఒక కౌన్సిల్ అజెండా, ఒక అఫిడవిట్, ఒక మంత్రి ప్రెస్‌నోట్ ఇచ్చి గంట టైమ్ పెట్టండి. మూడింటి నుంచీ వార్త ఏదో పట్టుకోమనండి, మంత్రిని అడగాల్సిన ప్రశ్నలు రాయమనండి. ఎవరి నంబరు ఉందో, ఎవరి కులమేమిటో అడగొద్దు. యాడ్ల పని యాడ్ల విభాగానికే వదిలేయండి. మీ విశాఖ ఎడిషన్‌లో ఇప్పుడు ఏ పరీక్ష పెట్టి విలేకరులను తీసుకుంటున్నారో, ఆ ప్రశ్నపత్రం ఒకసారి మీ పేజీల్లోనే వేయండి. అది చూసి ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం చదివే పిల్లలు ఏం నేర్చుకోవాలో తెలుసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం