గంటకు ఎనిమిది రూపాయలు

సింగ్ నగర్, విజయవాడ
శనివారం రాత్రి

బుజ్జీ,

ఎలా ఉన్నావే? అన్నయ్యగారు, పిల్లాడు బాగున్నారా? ఫోన్లో మొదలుపెడితే సగం చెప్పి ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను. పిల్లలిద్దరూ ఇప్పుడే పడుకున్నారు. తీరిగ్గా చదువు, నీ మాట కావాలి నాకు.

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్ షాపు వాళ్లు నన్ను అకౌంటెంట్‌గా రమ్మంటున్నారు. ఆడిటర్ గారి ఆఫీసులో వాళ్ల జీఎస్టీ చూసేది నేనే కదా, ఆ పరిచయం. జీతం 20,500. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడింటి దాకా. ఇప్పుడు ఒంటిగంటన్నరకి బయటపడి 9,000 తెచ్చుకుంటున్నానా, వినగానే ఎగిరి గంతేశాను. ఇంటికొచ్చి పెద్దదాని రఫ్ నోట్సు వెనక పేజీలో లెక్క వేసుకుంటే కాళ్లు చల్లబడిపోయాయి.

చూడు. పట్నంలో ఇంటి ఆదాయం నెలకి 12,000 దాటితే నా వితంతు పింఛను 4,000 ఆగిపోతుంది. పిల్లల చదువుకని తల్లి ఖాతాలో వేసే తల్లికి వందనానికీ అదే హద్దు. తలా 13,000 చొప్పున ఇద్దరికీ కలిపి 26,000 పడ్డాయి, అంటే నెలకి 2,166. ఆ రెండూ కలిపితే ఇప్పుడు నా చేతిలో ఉన్నది 15,166. కొత్త జీతంలో పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 154, వృత్తి పన్ను 200 పోను 18,346. తేడా 3,180. సాయంత్రం పిల్లల్ని చూసుకుని చదివించడానికి మా వీధిలో ట్యూషనమ్మాయి ఇద్దరికీ 2,000 అడిగింది. మిగిలేది 1,180. రోజుకి ఐదున్నర గంటలు ఎక్కువ, నెలకి 26 రోజులు. గంటకు 8 రూపాయలు పడిందే! ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో మన ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి బస్సు ఖర్చు లెక్కలో వెయ్యలేదు, లేకపోతే అదీ ఉండేది కాదు.

నాకు కోపమొచ్చింది బుజ్జీ. ఎవరి మీద అంటే చెప్పలేను. 12,000 అనేది ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని విజయవాడలో బతికే డబ్బా? జీతం పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవచ్చు కదా. ఒక్కసారే ఊతకర్ర లాగేస్తే అప్పుడప్పుడే లేచి నిలబడుతున్న మనిషి పడదా?

డబ్బు సంగతి అలా ఉంచు. నన్ను నిజంగా పట్టి పీడిస్తున్నది సాయంత్రం నాలుగుంపావు. చిన్నోడు బడి నుంచి వచ్చేది అప్పుడే. బ్యాగు గుమ్మంలో పడేసి, ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండానే మొదలుపెడతాడు. మరమరాల గిన్నె ముందు పెట్టానంటే ఆ రోజు ఎవరు ఎవర్ని గిల్లారో, ఎవరి పెన్సిలు పోయిందో, మధ్యాహ్నం గుడ్డు ఎవరు తినలేదో మొత్తం బయటికొస్తుంది. గిన్నె ఖాళీ అయితే కబుర్లు కూడా అయిపోతాయి. రాత్రి ఏడింటికి అడిగి చూడు, 'ఏం లేదమ్మా' అంటాడు. పెద్దది ఇంకో రకం. అది కూర్చుని చెప్పదు. నేను బట్టలు మడతపెడుతుంటే పక్కకొచ్చి నిలబడి, ఒక టవల్ తీసుకుని, దాన్ని నాలుగుసార్లు మడిచి విప్పి, అప్పుడు నోరు తెరుస్తుంది. దానికి పదకొండేళ్లు వచ్చాయే. ఇప్పుడు వినకపోతే రేపు నాతో చెప్పడం మానేస్తుందేమోనని భయం.

పోయిన నెల 20వ తారీఖున ఏమైందో నీకు చెప్పలేదు. జీఎస్టీ నెలవారీ రిటర్ను, 3బీ వెయ్యడానికి ఆఖరి రోజు. ఒక క్లయింటు కొనుగోలు బిల్లులు సరిపోలక ఆఫీసులోనే ఏడు దాటింది. ఇంటికొచ్చేసరికి ఇద్దరూ అన్నం తినేసి బుద్ధిగా కూర్చున్నారు. చిన్నోడి డైరీ తీసి చూద్దును కదా, అందులో నా సంతకం ఉంది. అచ్చం నాది! మొదటి అక్షరం కింద నేను లాగే గీతతో సహా. 'నువ్వు రాలేదని నేనే పెట్టానమ్మా, లేకపోతే రేపు వాణ్ణి బెంచీ ఎక్కిస్తారు' అంది పెద్దది. రఫ్ పుస్తకంలో అరపేజీ ప్రాక్టీసు కూడా చేసింది. తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు. ఇంకొకరి సంతకం పెట్టడం తప్పమ్మా, కాగితం మీద అబద్ధం ఉండకూడదు అని మాత్రం చెప్పి పడుకోబెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తమ్ముడికి అమ్మ అయిపోతోంది అది. దాన్ని అలా కానివ్వడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇంతలో ఈ బుధవారం షాపు ఓనర్ గారు ఇంకో మాట అన్నారు. మంచాయనే, నా మేలు కోరే అన్నారు. 'కాగితం మీద 11,500 చూపిద్దామమ్మా, మిగతాది చేతికిస్తాను, నీ పింఛనూ పోదు, పిల్లల డబ్బులూ పోవు' అని. ఒక్క క్షణం నాకు దేవుడిలా కనిపించారు. గంటకి 8 రూపాయలు కాస్తా 50 దాటుతాయి కదా. వరదప్పుడు మా ఇల్లు గ్రౌండ్ ఫ్లోరు కాబట్టి ప్రభుత్వం 25,000 ఇచ్చింది గానీ ఫ్రిజ్జు, బీరువా, పరుపులు మళ్లీ కొనడానికి చేసిన అప్పు ఇంకా ఉందే. ఆరు నెలల్లో తీరిపోతుంది అనుకున్నాను.

బస్సెక్కాక మా ఆయన గుర్తొచ్చారు. నీకు తెలుసు కదా, పదకొండేళ్లు ఆ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేశారు. జీతమంతా కవర్లో పెట్టి చేతికే ఇచ్చేవాళ్లు. కోతలు లేకుండా మొత్తం వస్తోందని మేమిద్దరం సంతోషించాం కూడా. 2021 మేలో ఆయన పోయాక వెళ్లి అడిగితే, కాగితం మీద ఆయన అక్కడ పనిచేసినట్టే లేదు. పీఎఫ్ ఉండుంటే నాకూ పిల్లలకీ పింఛను వచ్చేది. ఒక్క నెల చందా కట్టి ఉన్నా వస్తుందట. దానితోపాటు ఉండే ఇన్సూరెన్సు 7 లక్షల దాకా ఇస్తారు. మాకొచ్చింది కోవిడ్ కింద అందరికీ ఇచ్చిన 50,000 ఒక్కటే. ఇప్పుడు ఈ పిల్లలకి ఉన్నది నేనొక్కదాన్నే. నేనూ కవర్లో జీతం తీసుకుంటే, రేపు నాకేదైనా అయితే ఎవరి దగ్గరికెళ్లి ఏమని అడుగుతారు?

అందుకే చేతికిచ్చే డబ్బు వద్దనుకున్నాను. దీని మీద మాత్రం నువ్వు కాదన్నా మారను. పైగా కాగితం మీద అబద్ధం ఉండకూడదని పెద్దదానికి చెప్పి నెల కూడా కాలేదు.

టైము సంగతే తేలడం లేదు. నీకు గవర్నమెంటు సర్వీసులో 180 రోజుల చైల్డ్ కేర్ లీవుంది, మీవాడి పదో తరగతి పరీక్షలకి పెట్టుకుని ఇంట్లో ఉన్నావు. నిన్ను చూసి కుళ్లుకోవడం లేదే, అందరికీ ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. 50 మంది పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని చట్టం ఉంది గానీ, ఈ షాపులో, గోడౌన్‌లో కలిపి 24 మందే. ఉన్నా నా పిల్లలు ఆ వయసు దాటిపోయారు. ఏడేళ్లవాడికీ పదకొండేళ్లదానికీ సాయంత్రం తలుపు తీసే మనిషి కావాలి, దానికి ఏ చట్టమూ లేదు.

నేను అనుకుంటున్నది ఇదీ. సోమవారం వెళ్లి ఓనర్ గారిని అడుగుతాను. 20,500 వద్దండీ, 18,000 ఇవ్వండి, మొత్తం కాగితం మీద. ఐదున్నరకి వదిలెయ్యండి. మిగిలిన ఎంట్రీలు ల్యాప్‌టాప్‌లో పిల్లలు పడుకున్నాక ఇంట్లో చేసుకుంటాను. జీఎస్టీ రిటర్నులకి ఆఖరి రోజులైన 11, 20 తారీఖులు మాత్రం ఎంతసేపైనా ఉంటాను. ఆ రెండు రోజులూ, మిగతా రోజుల్లో నేనొచ్చేదాకా, పక్కింటి మామ్మగారు చూస్తానన్నారు. ఊరికే వద్దని వెయ్యి రూపాయలకి ఒప్పించాను. అన్నీ పోను చేతికొచ్చేది ఇప్పటికంటే ఓ 250 తగ్గుతుంది. అవునే, తగ్గుతుంది! మా అక్కకి చెబితే 'నీకు పిచ్చా' అంది. కానీ పీఎఫ్‌లో నా 1,800కి తోడు వాళ్లూ అంతే వేస్తారు, పిల్లలకి జ్వరమొస్తే ఈఎస్ఐ ఉంటుంది, వచ్చే ఏడు జీతం పెంచమని అడగడానికి నా పేరు మీద ఒక ఉద్యోగమంటూ ఉంటుంది. ఆరింటికల్లా ఇంట్లో ఉంటాను. నాలుగుంపావు కబుర్లు పోతాయి, అదొక్కటే గుండెల్లో ముల్లులా ఉంది. ఆదివారం బట్టలన్నీ ఉంచి పెద్దదాని ముందు మడతపెడతానులే.

ఓనర్ గారు ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో తెలియదు. ఏడింటి దాకా అంటే వెళ్లనా, మాననా? సోమవారం పదింటికి కలవాలి. ఈ ఉత్తరం ఫొటోలు తీసి రేపు పొద్దున్నే వాట్సాప్‌లో పెడతాను, పోస్టులో వేస్తే నీకు చేరేసరికి అంతా అయిపోతుంది. చదవగానే ఫోన్ చెయ్యి. సాయంత్రం నాలుగు తర్వాత చెయ్యకు, చిన్నోడు ఫోన్ లాక్కుని నీకు మొత్తం బడి కథ చెబుతాడు. లేదా అప్పుడే చెయ్యి, చెప్పించుకో.

పండక్కి వస్తానన్నావు, మాట తప్పకు.

నీ
చంటి