‘అజాగ్రత్త’ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో మీ పత్రిక నగర పేజీలో ఒక మూలన నాలుగు వాక్యాల వార్త వచ్చింది. అజాగ్రత్తగా రోడ్డు దాటుతున్న ఒక వృద్ధురాలిని గుర్తు తెలియని కారు ఢీకొట్టిందనీ, ఆసుపత్రికి తరలిస్తుండగా ఆమె మృతి చెందిందనీ, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారనీ దాని సారాంశం. ఆ వృద్ధురాలి వయసు 61 ఏళ్లు. ఆమె, నేను నారాయణగూడలో ఒకే బాలికల ఉన్నత పాఠశాలలో, ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుని 1980లో పదో తరగతి పాసయ్యాం. వార్తలోని తక్కిన వివరాలతో నాకు పేచీ లేదు. ‘అజాగ్రత్తగా’ అన్న ఒక్క మాటకు జవాబు చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఇళ్లు అప్పట్లో బర్కత్‌పురలో ఉండేవి. ఐదేళ్ల పాటు రోజూ కలిసి నడిచి బడికి వెళ్లాం. నారాయణగూడ చౌరస్తా దగ్గరికి రాగానే ఆమె నా చెయ్యి కాకుండా మణికట్టు పట్టుకునేది. చెయ్యి పట్టుకుంటే చెమటకు జారిపోతుందని ఆమె వాదన. డబుల్ డెక్కర్ బస్సు ఎంత దూరాన కనిపించినా “ఆగవే, అది పోనియ్” అని ఆపేసేది. అది వెళ్లిపోయాక కూడా దాని వెనక సైకిలు ఏదైనా వస్తోందేమోనని మెడ చాచి చూసి, అప్పుడు గానీ అడుగు వేయనిచ్చేది కాదు. ప్రార్థన గంట కొట్టేస్తున్నారని నేను ఎంత గింజుకున్నా ఆ పట్టు సడలేది కాదు. ఆమె జాగ్రత్త మూలంగా మేమిద్దరం ఆలస్యంగా వచ్చినవాళ్ల వరుసలో నిలబడిన రోజులు చాలానే ఉన్నాయి. మా తరగతిలో సగం మంది రికార్డు పుస్తకాల్లో మందార పువ్వు నిలువుకోత బొమ్మ ఆమె గీసి పెట్టిందే. ఆ గీతల్లోనూ ఒక్క తొందరపాటు ఉండేది కాదు. తరువాత ముప్పై ఏళ్లకు పైగా తపాలా శాఖలో ఉద్యోగం చేసి, నిరుడే పదవీ విరమణ పొందింది. అటువంటి మనిషి రోడ్డు మీద అజాగ్రత్తగా ఉందంటే నమ్మడం నాకు సాధ్యం కాలేదు.

పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె కూతురు నన్ను ఆ చోటికి తీసుకువెళ్లి చూపించింది. ఆ రోడ్డు పేరు రాయడం లేదు, ఎందుకంటే నగరంలో అటువంటి రోడ్లు ఎన్నో ఉన్నాయి. ఆరు వరుసల రోడ్డు, మధ్యలో సిమెంటు డివైడరు, దాని మీద నడుము ఎత్తు ఇనుప కంచె. ఇళ్లన్నీ ఇటు పక్క. బస్ స్టాపు, మందుల దుకాణం, కూరగాయల బళ్లు అటు పక్క. కంచెలో ఒకచోట రెండు ఊచలు వంచి మనిషి పట్టేంత సందు చేశారు. ఆ సందు దగ్గర డివైడరు అంచు ఇంటి గడపలా నున్నగా అరిగిపోయి ఉంది. పక్కనున్న ఊచకు, చేతులు పట్టీ పట్టీ, రంగు పూర్తిగా పోయింది. అంటే ఎన్నేళ్లుగా ఎన్ని వందల మంది అక్కడే దాటుతున్నారో చెప్పనక్కరలేదు. చట్టం దృష్టిలో వాళ్లంతా తప్పు చేస్తున్నవాళ్లే. కానీ చట్టబద్ధంగా దాటాలంటే ఉన్న దారులేమిటో కూడా ఆ రోజే చూశాను.

కొంత దూరంలో కాలినడక వంతెన ఒకటి ఉంది. దానికి లిఫ్టు ఉంది గానీ తలుపుకు గొలుసు వేసి తాళం పెట్టారు. తాళం తుప్పు పట్టి ఉంది. మెట్లు లెక్కపెడుతూ ఎక్కాను, ఒక పక్కకే 48. మోకాళ్ల నొప్పితో ఇంట్లో మెట్లు దిగడానికే గోడ పట్టుకునే నా స్నేహితురాలు, మందుల కోసం రోజూ సాయంత్రం అవి ఎక్కి దిగాలని ఆ వంతెన కట్టినవారు ఆశించారన్నమాట. రెండో దారి సిగ్నల్ కూడలి. నేను లెక్కల టీచరుగా పనిచేసిన దాన్ని కనుక గడియారం చేతిలో పట్టుకుని అక్కడ అరగంట నిలబడ్డాను. పాదచారుల దీపం పచ్చగా ఉండేది 12 సెకన్లు. ఒక్కో వరుస వెడల్పు మూడున్నర మీటర్లు అనుకుంటే ఆరు వరుసలకు 21 మీటర్లు. సాధారణంగా ఇంజినీర్లు నడిచేవారి వేగాన్ని సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకుంటారు. ఆ లెక్కన, మధ్యలో డివైడరును వదిలేసినా, పదిహేడున్నర సెకన్లు కావాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా ఐదో వరుసలో కాలు పెట్టేసరికే వాహనాలు కదులుతాయి. సెకనుకు 0.8 మీటర్లు నడిచే మోకాళ్ల నొప్పి మనిషికి 26 సెకన్లకు పైగా పడుతుంది. ఇది మా ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్క. ఇక ‘ఫ్రీ లెఫ్ట్’ వైపు నుంచి, అంటే సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే దారిలో, వచ్చే వాహనాలు ఆ 12 సెకన్లలో కూడా ఆగవు.

నియమాలు లేక ఇలా జరగడం లేదు. కాలిబాటపై నడవడానికి అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ, దాని ఎత్తు 15 సెంటీమీటర్లు మించరాదనీ రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ నియమాలు చెబుతున్నాయి. అడ్డంకులు లేని కాలిబాట పౌరుల హక్కు అనీ, అది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమనీ 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదికలో ఉంది. వారిలో 32 వేల మందికి పైగా కాలినడకన ఉన్నవారే. ఇంతమందీ అజాగ్రత్తపరులేనా?

మన నగరంలో సిగ్నల్ లేకుండా సాగిపోయే రోడ్ల గురించి, ఫ్లైఓవర్ల గురించి గర్వంగా చెప్పుకుంటాం. కారులో వెళ్లేవారికి అవి మేలు చేశాయి, కాదనను. అయితే వాహనం ఎక్కడా ఆగనవసరం లేని రోడ్డును మనిషి ఎక్కడ దాటాలన్న ప్రశ్న ఆ ప్రణాళికల్లో చివరికి మిగిలిపోతోంది. ఉప్పల్ కూడలిలో 2023లో ప్రారంభించిన స్కైవాక్‌లో లిఫ్టులు, ఎస్కలేటర్లు పెట్టారు. మా చెల్లెలితో కలిసి వెళ్లి నడిచి చూశాను, పెద్దవాళ్లకు సౌకర్యంగానే ఉంది. కానీ ప్రతి కాలనీ ముందూ అంతటి నిర్మాణం కట్టలేం, కట్టనవసరమూ లేదు. సందు ఎక్కడ పడిందో అక్కడే జనానికి దారి కావాలి. ఆ వంచిన ఊచలను మళ్లీ బిగించడానికి బదులు, అక్కడే జీబ్రా గీతలు, నొక్కితే వెలిగే సిగ్నలు, డివైడరు మధ్యలో ఆగి నిలబడేందుకు చోటు ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను. లిఫ్టు తాళం తీయడానికి, సిగ్నల్ సమయాన్ని 12 నుంచి 28 సెకన్లకు మార్చడానికి నిధులతో పెద్దగా పని లేదు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఇటువంటి వార్త రాసేటప్పుడు అక్కడ జీబ్రా గీతలు ఉన్నాయా, వీధి దీపం వెలుగుతోందా, కారు ఎంత వేగంతో వచ్చింది అని మీ విలేకరులు ఒక్క వాక్యమైనా అడిగి రాయాలి. నా స్నేహితురాలి కూతురు ఆ వార్త కత్తిరింపును తల్లి ఫోటో వెనక దాచుకుంది. తన తల్లి గురించి అచ్చులో వచ్చిన ఒకే ఒక్క మాట అది.

మా పదో తరగతి వాళ్లం హైదరాబాద్‌లో 14 మందిమి మిగిలాం. ఆ చోటు కొలతలు, సిగ్నల్ లెక్క, తాళం ఫోటో జతచేసి అందరం సంతకాలు పెట్టిన అర్జీని వచ్చే సోమవారం, అధికారులు ప్రజల వినతులు తీసుకునే ప్రజావాణిలో ఇస్తున్నాం. ఆ రోజు మీ విలేకరిని పంపితే, ఆ కంచె సందు దగ్గరికి నేనే తీసుకువెళ్లి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయిని,
హైదరాబాద్.